ఎర్రగింజకి రోజు పెట్టడం

మే 24, ఆదివారం

రోహిణి కార్తె రేపట్నుంచి. ఎండ మాత్రం పంచాంగం చూసుకోకుండా వారం ముందే వచ్చి కూర్చుంది. పొద్దుట అరసవల్లి వెళ్ళే ఆటోలు మా సందులో ఒకటే హారన్లు. గొడుగులు, నెత్తిన తడిగుడ్డలు. సూర్యుణ్ణి దర్శించుకోడానికి సూర్యుడికి జడుస్తూ పోతున్నారు జనం.

మధ్యాహ్నం కూర్మమ్మ వదిన ఫోను, పాతపట్నం అవతల వాళ్ళ ఊరి నుంచి. మా ఆయన ఉమాశంకర్‌కి అక్క. చంకనెత్తుకుని పెంచింది. వాళ్ళాయన పోయినప్పట్నుంచి పొలం తనే చేసుకుంటోంది.

"ఏటే మరదలా, ఉన్నారా, ఎండకి ఒడియాలైపోనారా?"

"ఉన్నాం వదినా."

"మృగశిర ఎప్పుడొస్తాది?"

"జూన్ ఎనిమిది."

"అయితే ఆ రోజుకి నువ్విక్కడుండాల. ఈ ఏడు మొదటి గుప్పెడు నీ సేతిది. ఉగాదినాడే పంతులు సెప్పీసేడు, అనూరాధ నచ్చత్రం వాళ్ళు జల్లితే మంచిదని. మనింట్లో ఆ నచ్చత్రం నీదొక్కర్తిదే. పేరులోనే ఉన్నాది, తప్పించుకోనేవు."

ఆ ఇంట్లో అది ఆచారం. ఏటా ఒకరి చేయి. ఇన్నేళ్ళూ నా వంతు రాలేదు, ఇప్పుడే రావాలా? మా అత్తగారి నాటివి, వదిన పుట్టింటినుంచి తెచ్చుకున్నవి, ఎర్రగింజ వడ్లు కిందటేడు కోతల వానకి కోసి పరిచిన పనలమీదే మొలకెత్తిపోయాయి. మిగిలింది ఒక్క కుండ. వేపాకు వేసి, మూతికి గుడ్డ కట్టి, వదిన తలదగ్గర పెట్టుకు పడుకుంటోంది. ఆ రకం ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు.

అది వానాధారం నేల. పొడి దుక్కిలో గింజలు జల్లి ఆకాశం కేసి చూడ్డమే. తొలి వానకి మొలక లేచి, ఆ తర్వాత రెండు వారాలు ఎండ కాసిందో, కుండ ఖాళీ. ఈ ఏడు అంచనాలన్నీ అదే చెబుతున్నాయి: తొలకరి కాస్త మురిపించి, తర్వాత ఆగిపోతుందని.

"సరే వదినా" అన్నాను. ఎందుకన్నానో.

మే 26

నేను జాతకాలు నమ్మను. వేస్తాను, అంతే. నమ్మడానికీ వెయ్యడానికీ తేడా ఉంది.

(ఉంది.)

విశాఖలో వాతావరణ శాస్త్రం చదివిన మనిషిని. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కిందటి జనవరిలో మన జిల్లా ఉష్ణోగ్రతలు వందేళ్ళవి బోర్డుమీద గీశాను. మెలికలు తిరుగుతూ పోయి చివర్లో పైకి లేచిన గీత. సుహాసిని అని వెనకబెంచీ పిల్ల లేచి, "మేడమ్, మరి మా నాన్న జీడితోట వెయ్యొచ్చా, వద్దా?" అంది. పరిహాసానికి కాదు. నిజంగా అడిగింది. నా గీత దగ్గర జవాబు లేదు. అది ఎవర్నీ "నువ్వు" అని పిలవదు.

జాతకం పిలుస్తుంది. అందుకే మళ్ళీ మొదలుపెట్టాను, నాన్న సరదాగా నేర్పినదాన్ని.

ఇవాళ ఏమీ తోచక భూమి జాతకం వేద్దామని కూర్చున్నాను. పన్నెండు గళ్ళు గీశాను. శని మీనంలో. రాహువు కుంభంలో. ఒళ్ళే లేని రాహుకేతువులకి కూడా ఇళ్ళున్నాయి. భూమిని ఎక్కడ పెట్టను? తొమ్మిది గ్రహాల్లో భూమి లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు! నిలబడి చూసే చోటు కదా, చూపుకి అందలేదు. వేల ఏళ్ళు తల పైకెత్తి, ఏ గ్రహం మనకి పడుతుందోనని భయపడ్డాం. మనం పట్టిన గ్రహం కాళ్ళకింద ఉంది.

పెన్ను కింద పెట్టేసి చాలాసేపు గచ్చుమీద అరికాళ్ళు ఆనించుకుని కూర్చున్నాను. గచ్చు సెగలు కక్కుతోంది. అయినా తియ్యబుద్ధి కాలేదు.

మే 31

పున్నమి. పొద్దుగూకగానే మేడమీదికెక్కాను. తూర్పున చంద్రుడు ఎర్రగా, ఉడికినట్టు లేచాడు. రాత్రిళ్ళు చల్లబడడం మానేశాయి ఈ ఊళ్ళో.

ఈ నెల అధిక జ్యేష్ఠం. పన్నెండు చంద్రమాసాలు ఎంత లాగినా సూర్యుడి ఏడుకి చాలవు. చాలని రోజులన్నీ పోగై పోగై, మూడో ఏటికి ఒక నెలవుతుంది. ఎవరో, ఎప్పుడో, అద్దమూ గొట్టమూ లేకుండా ఉత్త కళ్ళతో, ఎన్ని తరాలు మేలుకుని చూస్తే తేలి ఉంటుంది ఆ సంగతి! ఆకాశానికీ మనకీ పొత్తు చెడకూడదని ఒక నెలకి నెలే అడ్డువేసి సరిచేశారు.

ఉమాశంకర్ పైకొచ్చాడు. "ఒక చేతిలో పంచాంగం, ఒక చేతిలో రాడారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏంటో ఇప్పుడర్థమైంది" అన్నాడు. నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

జూన్ 2

గురువు కర్కాటకంలోకి. ఉచ్చ. నా రాశికి తొమ్మిదో ఇల్లు, భాగ్యస్థానం. చెయ్యి చల్లనిదంటుంది శాస్త్రం.

రుతుపవనం కదలలేదంటుంది శాటిలైటు.

జూన్ 4

వదిన ఫోను.

"ఎనిమిదికి వస్తన్నావు కదా? గొర్రు తోలించీసేను."

"వదినా, అధికమాసం కదా…"

"వెద జల్లడానికి అధికమేటే? వడ్లకి పెళ్ళేటి సేస్తన్నామా?"

"అది కాదు. పదో తేదీన చంద్రుడు శనితో కలుస్తున్నాడు. మీనంలో. నీళ్ళ రాశి. నా చేత్తో జల్లాలంటే దానికి దగ్గరలో మంచిది కాదు. ఆరుద్ర కార్తె దాకా ఆగు."

నోరు దానంతటదే నడిచిపోయింది.  అవతల కోడి అరుస్తోంది.

"సనా?"

"శని."

"సరే అయితే. సదూకున్నదానివి, నాకు అబద్ధం సెప్తావేటి."

నేను అబద్ధం చెప్పలేదు. ఆ కలయిక ఉంది. లెక్కకట్టి చూశాకే చెప్పాను. రాడారు మాట చెబితే వదిన వినదు. కిందటేడు "ఆ టీవీవోళ్ళు తుపాను మచిలీపట్నం కన్నారు, మన పనలు తడిసిపోనాయి" అని తిట్టింది. వినే మాటలో చెప్పాను. తప్పేముంది?

అబద్ధం కాదు.

జూన్ 8

మృగశిర. ఎండ.

జూన్ 10

తెల్లారకుండానే మెలకువ వచ్చింది. మేడమీదికి వెళ్ళాను, ఎందుకో తెలుసు, ఒప్పుకోలేదు. తూర్పున సన్నబడిన చంద్రుడు. పక్కనే, వేలెడు దూరంలో, మిణుక్కుమనకుండా నిలకడగా వెలిగే చుక్క. శని.

సాకు కోసం వెతుక్కుంటే దొరికిన మాట అది. సాకు వచ్చి నా ఎదురుగా వెలుగుతోంది. రాయి, మంచు, ఉంగరాలు, అంత దూరం నుంచి. నా కోసం రాలేదు. వదిన కుండ కోసం రాలేదు. అయినా చెప్పిన రోజుకి, చెప్పిన చోటికి వచ్చాయి రెండూ. మొత్తం ప్రపంచంలో ఇంకా మాట మీద నిలబడేవి ఇవే కాబోలు. కిందనున్నవే తప్పాయి, వానా, ఎండా, నేనూ.

కొబ్బరాకుల వెనక వెలుగు వచ్చేదాకా దణ్ణం పెట్టినట్టే నిలబడ్డానని తర్వాత చూసుకున్నాను. చేతులు జోడించి ఉన్నాయి.

జూన్ 12

పాతపట్నం మీద వాన. సాయంత్రం రెండు గంటలు ఏకధారగా. ఊరంతా వెద జల్లేశారట.

వదిన జల్లలేదు.

"మీ అక్కతో మాట్లాడండి" అన్నాను.

"రోజు పెట్టిందానివి నువ్వు" అన్నాడు ఉమాశంకర్.

జూన్ 15

అమావాస్య. ఫోను వదినే చేసింది. పక్కమడి దాలయ్యది. అందులో అప్పుడే సూదుల్లా పచ్చగా లేచాయట.

"గట్టుమీన నిలబడి ఏటన్నాడో తెల్సా? 'ఏటి కూర్మమ్మా, మీ సీకాకుళం మరదలు పొలంచేత కూడా శనివారం ఉపాసం సేయిస్తందేటి?' అని."

"నువ్వేమన్నావు?"

"'ఒరే దాలిగా, నీ జాతకం కూడా అడుగుతానుండు, నీ నోరు ఎప్పుడు మూతబడతాదో సెప్తాది మా మరదలు' అన్నాను." కిలకిలా నవ్వింది. "నిన్నంటే నానూరుకుంటానేటి?"

నేనూ నవ్వాను. 

దాలయ్యది పల్లపు మడి. వదినదీ అంతే. తొలి వానకి జల్లినా తేమ నిలిచేదేమో. నేను కాపాడుతున్నాననుకుంటున్నది కాస్తా నేనే పాడుచేస్తున్నానేమో. ఆలస్యమైన కొద్దీ పంట వెనక్కి పోతుంది, కంకులు పాలుపోసుకునే వేళకి తుపాన్ల నెల. కిందటేడు పోయింది ఆ నెలలోనే. ఇదంతా నాకు తెలుసు, జూన్ నాలుగున కూడా తెలుసు.

జూన్ 17

చెప్పేశాను.

"వదినా, శని కోసం కాదు నేను ఆగమన్నది. వాన నిలవదని అంచనాలు చెప్పాయి. అది చెబితే నువ్వు వినవని, నక్షత్రాల మాటగా చెప్పాను."

 వదిన గొంతు ఎప్పట్లా లేదు.

"అంటే నా నమ్మకానికే ముకుతాడేసి నన్ను తోలావన్నమాట."

పెట్టేసింది.

జూన్ 18

"అక్క ఫోనెత్తట్లేదు. ఏం చేశావ్?"

జూన్ 19

ఎత్తట్లేదు. వాన లేదు. దాలయ్య మడి ఇంకా పచ్చగానే ఉందని వాళ్ళ ఊరివాడెవరో బజార్లో ఉమాశంకర్‌కి చెప్పాడట. ఈ మాట నాకు చెప్పకుండా ఉండొచ్చు కదా.

కుండ అలాగే ఉండి ఉంటుంది. ఆవిడ చల్లి ఉండదు. చల్లిందేమో. ఆవిడ కోపం నాకు తెలుసు, ఆవిడ కోపంలో గింజని కష్టపెట్టదు.

జూన్ 21, ఆదివారం

వాకిట్లో వదిన. నెత్తిన తడిగుడ్డ, చేతిలో అరసవల్లి ప్రసాదం పొట్లం. తెల్లారి బస్సుకి బయల్దేరి, ముందు గుడికి వెళ్ళి, తర్వాత ఇంటికొచ్చింది. "శంకరం లేడేటి?" అంది నా మొహం చూడకుండా. బజారుకెళ్ళాడన్నాను. చోడంబలి, రాగి జావే, గ్లాసులో పోసి ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టింది.

"ఒక్క మాట అడుగుతాను, సెప్పు. సనీ సంద్రుడూ ఆ రోజు కలిసారా నేదా?"

"కలిశారు. నేను చూశాను."

"మరైతే అబద్ధమెక్కడ?"

"నేను వాళ్ళకోసం చెప్పలేదు వదినా. వాన మీద భయంతో చెప్పాను."

"ఆ భయమే సెప్పొచ్చు కదే." అప్పుడు చూసింది నాకేసి. "నాకు భయం తెల్దేటి? పనలమీన మొలకలొచ్చినప్పుడు నానెక్కడున్నాను? మడిలోనే కూకున్నాను, ఒక్కో పనా ఇప్పి సూసుకుంటా. భయం సెప్తే అర్థం కాదనుకున్నావు, సుక్కలు సెప్తేనే అర్థమవుతాదనుకున్నావు. ఏటే, నానంత ఎర్రిదాన్లా కనబడ్డానేటి నీకు?"

నాకు ఏడుపొచ్చింది.

"ఏడవకు, ఏడిస్తే నాకింకా మండుతాది. రెండూ సెప్పాల. నీ రాడారేటన్నాదో సెప్పు, నీ సుక్కలేటన్నాయో సెప్పు. పొలం నాది. గింజ పోతే నా సేతిలో పోవాల. నీ తెలివి సేతిలో పోకూడదు."

చెప్పాను. ఇరవయ్యారు తర్వాత బంగాళాఖాతంలో అల్పపీడనానికి అవకాశం ఉంది, కానీ సగానికి సగమే నమ్మొచ్చు. ఇరవయ్యేడు శనివారం చంద్రుడు అనూరాధలో ఉంటాడు, కానీ అది నా జన్మ నక్షత్రం, ఆ రోజు ఏదీ మొదలుపెట్టకూడదంటారు కొందరు. ఇంకా ఆలస్యం చేస్తే తుపాన్ల నెలకి చిక్కుతాం.

"మరి నువ్వేటంటావు?"

"నాకు తెలీదు వదినా."

"అదిగో, ఇది మొట్టమొదట సెప్పుంటే పోయేది." పొట్లం విప్పి నా చేతిలో ప్రసాదం పెట్టింది. "పుట్టిన సుక్క కూడదేటి? పుట్టాల్సింది గింజలు కదా. ఇరవయ్యేడు."

ఉమాశంకర్ వచ్చేసరికి ఇద్దరం వంకాయలు కోసుకుంటున్నాం. "ఏటి, సంధి కుదిరిందా?" అన్నాడు. "నోర్ముయ్యరా శంకరం" అంది. ప్రాణం లేచొచ్చింది నాకు.

సాయంత్రం బస్సెక్కించి వచ్చాను. ఇవాళ ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు పగలు. సూర్యుడు ఇవాళే దక్షిణానికి మళ్ళాడు. పంచాంగం ప్రకారం దక్షిణాయనం ఇంకో మూడున్నర వారాలకి. ఒకప్పుడు రెండూ ఒక్క రోజే. భూమి బొంగరంలా తల ఊపుతూ తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలకీ రుతువులకీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటితే గానీ ఒక రోజు జరగదు. అంత మెల్లగా! మృగశిర కూడా అలా జరుగుతూ వచ్చిందే. మార్చిలో అరసవల్లి స్వామి పాదాలమీద పడే కిరణం మాత్రం జరగదు. గుడి కట్టినవాళ్ళు రుతువుని పట్టుకున్నారు, పంచాంగం నక్షత్రాన్ని పట్టుకుంది. ఎవరికి దొరికింది వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు.

ఆకాశానికి ఒక్క రోజు జరగడానికి ఒక మనిషి బతుకంతా పడుతుంది. కూర్మమ్మ వదిన పెళ్ళై వచ్చినప్పుడు మృగశిరకి పడిన వాన, ఆవిడ జుట్టు నెరిసేలోగా వారాలకి వారాలు ఎటో పోయింది. అంత పెద్ద ఆకాశం కన్నా మనం వేగంగా పోయాం. ఇది క్లాసులో చెప్పగలనా? చెబితే, ఆ గీత గీసినప్పటిలా కాకుండా, నా గొంతు ఇప్పుడున్నట్టే ఉంటుందా?

జూన్ 24

మబ్బు. చుక్క లేదు. పైనా, కిందా.

జూన్ 27, శనివారం

పొద్దున్న పొలానికి నడిచాం. అల్పపీడనం పుట్టింది, కానీ ఒడిశా వైపు మొగ్గుతోందట. అది వదినకి చెప్పాను. "ఊఁ" అంది.

దాలయ్య మడిలో ఇంజను దడదడమంటోంది. మొక్కలు బతికే ఉన్నాయి, కొసలు మాత్రం మాడి, తుప్పు రంగులో. గుంటలో అడుగునున్న నీళ్ళు తోడుతున్నాడు. నన్ను చూసి తలగుడ్డ తీశాడు.

"అమ్మా, వాన వస్తాదేటి?"

"తెలీదు దాలయ్యా."

"తెల్దని సెప్పడానికి అంత సదువు సదవాలేటమ్మా?"

"నువ్వు సదవకుండానే సెప్తన్నావు కదరా, నీకు సదువు కర్సు మిగిలిపోనాది" అంది వదిన. అతనూ నవ్వాడు. కానీ కళ్ళు ఆకాశం మీదే.

వదిన కుండ మూతి విప్పింది. వేపాకు ఎండి పొడైపోయింది. గింజలు చేటలో పోసి నాకు అందించింది. నేను ఎర్రటివి అనుకున్నాను, పైపొట్టు బంగారపు గోధుమ రంగు. గోటితో ఒకటి ఒలిచి చూపించింది, లోపల ఎరుపు. ఇటుకపొడి కాదు, దానిమ్మా కాదు. ఆరిన పారాణి.

గుప్పిట్లోకి తీసుకున్నాను. తేలిగ్గా, వెచ్చగా ఉన్నాయి. అత్తగారు ఏ ఏడో జల్లిన గింజకి గింజ, దానికి గింజ, ఇవి. ఎన్నో ఎండలు మింగి, చీకట్లో ముడుచుకుని, ఇంకా ఊపిరి బిగపట్టుకుని ఉన్నాయి. ఏ ఒక్క ఏడు ఎవరి చేయి తప్పినా ఇవి లేవు. గురువు ఉచ్చలో ఉన్నాడు. చంద్రుడు నా నక్షత్రంలో ఉన్నాడు. నేను చెప్పులు విడిచి మడిలోకి దిగాను.

"విసురు. గట్టిగా కాదు. ముంజేత్తో, ముగ్గు జల్లినట్టు."

విసిరాను. ఎండలో ఒక్క క్షణం అర్ధచంద్రంలా లేచి, నేలమీద పడి కనబడకుండా పోయాయి. అంతే. మట్టిరంగులో కలిసిపోయాయి. ఎక్కడ పడ్డాయో చూపించమంటే నేను చూపించలేను.

వదిన వెనక్కి చూడలేదు. చేట నడుముకి ఆనించి, తనదైన నడకతో మిగతా మడంతా జల్లుకుంటూ పోయింది. కుండలో ఏమైనా ఉంచిందా? అడగలేదు. కుండ గట్టుమీద బోర్లించి ఉంది.

జూన్ 29

ఏరువాక పున్నమి. అల్పపీడనం ఒడిశాకే పోయింది. తోక మాత్రం ఇటు తగిలింది.

పొద్దుగూకే వేళ వదిన ఫోను.  ఫోను పట్టుకెళ్ళి పెంకుల చూరుకింద పెట్టింది. ధార. ధార. ధార.

ఇద్దరం అలా వింటూ ఉన్నాం, ఛార్జింగు అయిపోయేదాకా.

జూలై 5, ఆదివారం

నిన్న సాయంత్రమే వచ్చేశాను ఇక్కడికి, వదిన ఊరికి. పిలవలేదు ఎవరూ. వానపడి ఆరు రోజులు, ఇక ఆగలేకపోయాను.  "పొద్దున్నే సూద్దువు" అంది వదిన. మంచం వేసి పడుకోమంది.

పొద్దున్నే మడి దగ్గరికెళ్ళాం. నిలబడి చూస్తే ఏమీ లేదు. నల్లటి తడిమట్టి, అక్కడక్కడ పగిలిన పెడ్డలు. కళ్ళు చిట్లించి వెతికాను.

"అలా కాదే. పడుకో."

"ఏంటి?"

"గట్టుమీన బోర్లా పడుకో. నిలబడినోళ్ళకి కనబడవు."

చీర బురదైతే అయింది. పడుకున్నాను. వదిన కూడా మోకాళ్ళు పట్టుకుని, "ఓలమ్మో, నడుం" అంటూ నా పక్కన వాలింది. గడ్డం గట్టుమీద ఆనించి నేల మట్టానికి చూపు పెట్టాను. సూర్యుడు మా వెనక ఓరగా, అప్పుడే తాటిచెట్లు దాటుతున్నాడు.

ఉన్నాయి.

మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా. వెంట్రుకవాసి సూదులు, పచ్చవి కావు, మొదట్లో ఎరుపు, కొసన పసుపు, ప్రతిదాని మొనమీదా ఒక నీటిబొట్టు, ప్రతి బొట్టులోనూ ఎండ. నేల మొత్తం ఒళ్ళు గగుర్పొడిచినట్టుంది. అలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. నలభై నాలుగేళ్ళ మనిషిని, ఈ నేలమీదే పుట్టాను, ఎప్పుడూ ఈ ఎత్తు నుంచి చూడలేదు. తుపాను నెలలో వీటి గతి ఏమిటో నాకు తెలీదు. వదినకీ తెలీదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

దాలయ్య అటుగా వెళ్తూ ఆగాడు. "ఏటి కూర్మమ్మా, ఇద్దరూ పడిపోనారేటి?"

"అవున్రా, పడిపోనాం. నువ్వెల్లు."

ఇంకా బాగా చూడాలని మోచేతుల మీద లేచి ముందుకి వంగాను. నా ముందున్న బొట్లు టక్కున ఆరిపోయాయి. ఏమైందో అర్థం కాలేదు.

వదిన నా భుజం పట్టుకుని లాగింది. "ఇలా జరుగు. నీ నీడ పడతన్నాది ఆటి మీన."

జరిగాను.